హెడ్ దించాలన్నారు, ఆటోనగర్ మేస్త్రి గారు దించకుండానే కూలెంట్ లీకు పట్టుకున్నారు

ఈ షెడ్డు గురించి రాయాలని రెండు నెలల నుంచి అనుకుంటున్నా. కానీ బండి చేతికిచ్చిన రోజే అయిదు స్టార్లు కొట్టేసి, నెల తిరక్కుండా మళ్ళీ అదే లీకు వస్తే చదివి వెళ్ళినవాళ్ళకి అన్యాయం చేసినట్టు అవుతుంది, అందుకే ఆగా. నిన్నటికి 1,200 కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ గ్లాసులో, అంటే ఇంజన్ ఆయిల్ బయటికి కనపడే చిన్న గాజు కిటికీలో, తెల్లదనం అనేదే లేదు, కూలెంట్ బాటిల్లో లెవెల్ గీత మీద నుంచి కదల్లేదు. ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా.

మా బండి 150 సీసీ, లిక్విడ్ కూల్డ్ (ఇంజన్ లోపల కూలెంట్ ద్రవం తిరుగుతూ చల్లబరిచే రకం), సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఆ కూలెంట్‌ని తిప్పే వాటర్ పంపు సీలు అరగడం అనేది వయసైన ఏ లిక్విడ్ కూల్డ్ బండికైనా వచ్చేదే. రోజూ విజయవాడ పటమట నుంచి వారధి మీదుగా మంగళగిరి వెళ్ళి రావడం, అదే దాని పని. జులైలో ఒక ఆదివారం బండి కడుగుతుంటే ఎడమ పక్క ఇంజన్ కవర్ మీద గుండ్రటి ప్లగ్గు ఉంటుంది చూడండి, దాని చుట్టూ తడి కనపడింది. తుడిచా, మర్నాటికి మళ్ళీ తడి. అదే వారంలో కూలెంట్ బాటిల్ చూస్తే లెవెల్ 'లో' (LOW) అని ఉన్న గీత కిందకి పోయింది, పోసా, పదిహేను రోజులకి మళ్ళీ తగ్గింది. రెండూ కలిపి చూసుకుని, ఓహో ఈ ప్లగ్గు కూలెంట్ ప్లగ్గు అయ్యుంటుంది, ఇందులోంచే కారుతోంది అనుకున్నా. ఆ తర్వాత వారం ఆయిల్ గ్లాసులోకి చూస్తే లోపల పాల టీ రంగు. గుండె ఆగినంత పనైంది.

మొదట తీసుకెళ్ళింది ఇక్కడికి కాదు. మామూలుగా సర్వీసింగ్‌కి వెళ్ళే చోటికే వెళ్ళా. వాళ్ళు ఆయిల్ గ్లాసు చూసి అర నిమిషంలో చెప్పేశారు, హెడ్ ప్యాకింగ్ (ఇంజన్ పైభాగం హెడ్‌కీ, కింద సిలిండర్‌కీ మధ్య లీకు కాకుండా వేసే పట్టీ) పోయింది, హెడ్ దించాలి, దించాక బోర్ (సిలిండర్ లోపలి గోడ) కూడా చూడాలి, 14 నుంచి 15 వేలు అవుతుంది, బండి వదిలేసి వెళ్ళండి అని. ఎలా తెలిసింది అంటే ఆయిల్లో నీళ్ళు కలిస్తే అదేనండి అన్నారు. నాకు అది నచ్చలేదు. రేడియేటర్ క్యాప్ కూడా తీసి చూడకుండా ఇంజన్ విప్పుతాం అంటే ఎలా. మా ఆఫీసులో ఒకాయన ఈ షెడ్డు సంగతి చెబితే బండిని స్టార్ట్ చెయ్యకుండా ట్రాలీ ఆటోలో ఎక్కించి ఆటోనగర్ తెచ్చా.

షెడ్డు చూస్తే ఏమీ అనిపించదు, ముందే చెబుతున్నా. రేకుల కప్పు, కూర్చోవడానికి పాత కారు సీటు ఒకటి, పక్కన లేత్ మిషన్ చప్పుడు. కానీ లోపల పానాలు సైజు వారీగా గోడకి తగిలించి ఉంటాయి, విప్పిన బోల్టులు ఏ కవర్‌వి ఆ అట్టముక్క మీద గుచ్చి పెట్టి ఉంటాయి. అట్ట మీద ఆ కవర్ బొమ్మ గీసి, పొడుగు బోల్టు ఎక్కడ, పొట్టి బోల్టు ఎక్కడ అని అదే చోట గుచ్చుతారు. అది చూడగానే నాకు నమ్మకం కుదిరింది, ఎందుకంటే కవర్ బోల్టులు తారుమారు చేసి పొడుగుది పొట్టి చోట బిగిస్తే ఇంజన్ బయటి కేసింగే పగలొచ్చు.

మేస్త్రి గారికి యాభై అయిదు పైన ఉంటాయి. ముందు బండిని ముట్టుకోలేదు, నన్ను అడిగారు. "ఎన్నిసార్లు కూలెంట్ పోశావు బాబూ, ఎంత పోశావు, ఏ రంగుది?" రెండుసార్లు పోసా, ఆకుపచ్చది అన్నా. "పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్ల పొగ వస్తోందా? హీట్ లైట్ వెలిగిందా? స్టార్ట్‌లో ఉన్నప్పుడు రేడియేటర్లో బుడగలేమైనా చూశావా?" ఏదీ లేదు. "రోజూ ఎంత దూరం తిరుగుతావు?" ఇది ఎందుకు అడిగారో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఆయనే చెప్పారు. రోజుకి రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండికి, ముఖ్యంగా వానాకాలంలో, ఇంజన్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి లోపల పట్టిన చెమ్మే ఆయిల్‌తో కలిసి క్యాప్ కింద మీగడలాగా పేరుకుంటుందట. దానికి కూలెంట్‌తో సంబంధం లేదు, ఒక అరగంట గట్టిగా తిప్పితే చాలావరకు ఆవిరైపోతుంది. "అలాంటి బండికి కూడా హెడ్ దించేసినవాళ్ళున్నారు బాబూ" అన్నారు. కానీ నేను ఒక్కో వైపు పదిహేను కిలోమీటర్లు తిరుగుతున్నా, పైగా బాటిల్లో కూలెంట్ తగ్గుతోంది, రెండూ కలిశాయి కాబట్టి మాది చెమ్మ కాదు, నిజం లీకే.

తర్వాత నేను ఎడమ పక్క ప్లగ్గు చూపించి ఇదేనండి కారేది అన్నా. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు, చాక్‌పీసు తీసుకుని ఇంజన్ మీద ఉన్న ఒక్కో ప్లగ్గు, ఒక్కో బోల్టు పక్కన గుర్తు పెట్టుకుంటూ చెప్పుకొచ్చారు. అంతకు ముందు ఎవరూ నాకు ఇలా చెప్పలేదు కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తా, మీ బండికి స్థానాలు మారొచ్చు గానీ ఆలోచన ఇదే.

ఎడమ పక్క ఉండేది మ్యాగ్నెట్ కవర్, లోపల కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ ఉంటుంది. దాని మధ్యలో పెద్ద ప్లగ్గు తీస్తే లోపల క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర ఉన్న నట్టు కనపడుతుంది, దానికి పానా పెట్టి ఇంజన్ని చేత్తో తిప్పుతారు. దానికి కొంచెం పైన చిన్న ప్లగ్గు, అందులోంచి చూస్తే మ్యాగ్నెట్ మీద టైమింగ్ గీత కనపడుతుంది. వాల్వు గ్యాప్ సెట్ చేసేటప్పుడు ఈ రెండూ కావాలి. అంటే ఈ రెండు ప్లగ్గులూ చూడ్డానికి, తిప్పడానికి పెట్టినవే, వాటి వెనకాల కూలెంట్ దారి లేదు, మహా అయితే ఆయిల్ ఉంటుంది. నేను చూసిన తడి ఆ పెద్ద ప్లగ్గు ఓరింగ్ (చుట్టూ ఉండే రబ్బరు రింగు) ఎండిపోయి చెమరుస్తున్న ఆయిలే. ఆయన టిష్యూ కాగితం అద్ది చూపించారు, గోధుమ రంగు మరక, వేళ్ళ మధ్య రుద్దితే జారుడు. కూలెంట్ అయితే కాగితం మీద నీళ్ళలాగా గబగబా పాకుతుంది, వేళ్ళకి కాస్త బంకగా తగులుతుంది, తియ్యటి వాసన వస్తుంది, ఎండిపోతే తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పట్టినట్టు చార మిగులుతుంది. రుచి మాత్రం చూడకండి, అందులో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది విషం. ఇంట్లో పిల్లలు, కుక్కలు ఉంటే కింద కారిన మడుగు వెంటనే కడిగెయ్యండి, తియ్యగా ఉంటుందని నాకేస్తాయి.

కుడి పక్క క్లచ్ కవర్. ఇక్కడే జాగ్రత్త కావాలి. పైన ఆయిల్ పోసే క్యాప్, మూడు బోల్టులతో ఆయిల్ ఫిల్టర్ మూత, దాని ముందు రబ్బరు పైపు వచ్చి కలిసే గిన్నెలాంటి మూత వాటర్ పంపు. ఆ పంపు మూత కింద రాగి వాషర్‌తో ఒక చిన్న బోల్టు ఉంటుంది, అది కూలెంట్ డ్రెయిన్. ఆయిల్ డ్రెయిన్ బోల్టు ఇంజన్ అడుగున పెద్దది వేరే ఉంటుంది. ఇంట్లో ఆయిల్ మార్చుకునేవాళ్ళు ఈ చిన్నదాన్ని చూసి విప్పేస్తే, అదీ వేడి మీద, చెయ్యి కాలుతుంది. ఏ ప్లగ్గు దేనిదో తెలియకపోతే పైపు పట్టుకుని వెళ్ళమన్నారు. రేడియేటర్ నుంచి వచ్చే పైపు ఎక్కడ ఆగిందో ఆ మూతకి ఉన్న బోల్టులు కూలెంట్‌వి, మిగతావి విప్పేముందు ఇంజన్ చల్లారాక, కింద గిన్నె పెట్టుకుని, కొద్దిగా వదులు చేసి ఏం వస్తుందో చూడాలి.

ఆ సాయంత్రం ఏమీ విప్పలేదు. రాత్రంతా కదపకుండా ఉంచాలి, నీళ్ళు కిందకి దిగుతాయి, పొద్దున్న రా అన్నారు. మర్నాడు చల్లటి ఇంజన్ మీద ఆయిల్ డ్రెయిన్ బోల్టు నెమ్మదిగా వదులు చేస్తే ముందు సన్నగా ఆకుపచ్చటి నీళ్ళు వచ్చాయి, ఆ తర్వాత పాల టీ లాంటి ఆయిల్. గాజు సీసాలో కొంచెం పట్టి పక్కన పెట్టారు. ఇంకో చుక్క స్టవ్ మీద కాల్చిన రేకు మీద వేస్తే చిటపటమంది, నీళ్ళు కలవని ఆయిల్ అలా అనదు, ఊరికే పొగ వస్తుంది. ఇంత చిన్న పరీక్ష. ముందు వెళ్ళిన చోట ఇది కూడా చెయ్యలేదు.

అసలు వెతుకులాట ఇక్కడ మొదలైంది. మా బండి లాంటి దాంట్లో కూలెంట్ ఆయిల్లోకి వెళ్ళడానికి ముఖ్యంగా మూడు దారులు, హెడ్ ప్యాకింగ్, వాటర్ పంపు సీళ్ళు, లేదంటే ఎక్కడో కేసింగ్ పగులు. రేడియేటర్ క్యాప్ తీసి ఆ చోట గేజ్ ఉన్న చేతి పంపు బిగించి 15 పీఎస్ఐ దాకా గాలి కొట్టారు, క్యాప్ మీద రాసి ఉన్న ప్రెషర్ దాటకూడదట, దాటితే బాగున్న పైపులు కూడా పోతాయి. పది నిమిషాల్లో ముల్లు 11కి పడింది. బయట ఎక్కడా చుక్క లేదు, పైపుల దగ్గర లేదు, రేడియేటర్ కింద లేదు. కానీ తెరిచి ఉంచిన ఆయిల్ డ్రెయిన్ రంధ్రంలోంచి ఒక్కో చుక్క ఆకుపచ్చగా పడుతోంది, అంటే లోపల్లోపలే వెళ్తోంది. అప్పుడు స్పార్క్ ప్లగ్ తీశారు, పొడిగా ఉంది. ప్రెషర్ అలాగే ఉంచి, ప్లగ్గు చోట తెల్ల గుడ్డ అడ్డం పెట్టి ఇంజన్ని తిప్పితే గుడ్డ మీద చెమ్మ కూడా లేదు. సిలిండర్లోకి కూలెంట్ వెళ్ళట్లేదు. తెల్ల పొగ లేదు, బుడగలు లేవు, సిలిండర్ పొడిగా ఉంది, కాబట్టి హెడ్ ముట్టుకోవద్దు, పంపు చూద్దాం అన్నారు.

పంపు కింద అంతా బురద గట్టిపడి ఉంది. డీజిల్, బ్రష్ పెట్టి కడిగి టార్చ్ వేసి చూస్తూ ఆగిపోయారు. "ఇక్కడ ఎం-సీల్ ఎవరు పెట్టారు బాబూ?" అని అడిగారు. నేను వంగి చూశా, పంపు అడుగున కవర్‌కి బూడిద రంగు ముద్ద గట్టిగా అతుక్కుని ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆరు నెలల క్రితం సర్వీసింగ్‌లో పంపు కింద చుక్క పడుతోంది, లీకు ఆపేశాం అని చెప్పి వంద తీసుకున్నారు. నేను సంతోషంగా ఇచ్చా.

ఆ ముద్ద కింద ఉన్నది లీకు కాదు, కంపెనీయే పెట్టిన రంధ్రం. ఇది ప్రతి లిక్విడ్ కూల్డ్ బండి ఉన్నవాళ్ళకీ తెలియాలి. వాటర్ పంపు ఇరుసుకి ఒక పక్క కూలెంట్, ఇంకో పక్క ఇంజన్ ఆయిల్. కూలెంట్ పక్క మెకానికల్ సీలు, ఆయిల్ పక్క ఆయిల్ సీలు, రెండింటి మధ్య చిన్న ఖాళీ, ఆ ఖాళీ నుంచి కిందకి రీఫిల్ అంత సన్నటి రంధ్రం. ఏ సీలు పోయినా అటుది ఇటు కలవకుండా ఆ రంధ్రంలోంచి బయట పడుతుంది. కూలెంట్ పడితే మెకానికల్ సీలు పోయినట్టు, ఆయిల్ పడితే ఆయిల్ సీలు పోయినట్టు, అది చూసి మనం ముందే బాగు చేయించుకోవాలి. దాన్ని మూసేస్తే బయటికి రావాల్సిన కూలెంట్ ఆ ఖాళీలో నిండి, బేరింగ్‌ని తుప్పు పట్టించి, ఆయిల్ సీలుని తోసుకుని ఇంజన్లోకి పోతుంది. ఆయిల్ సీలు ఆయిల్ ఆపడానికి ఉంది గానీ అవతలి నుంచి ప్రెషర్‌తో వచ్చే కూలెంట్‌ని ఆపడానికి కాదు. మా బండికి జరిగింది అదే. బురద పేరుకుని మూసుకుపోయినా ఇదే జరుగుతుంది.

మేస్త్రి గారు చిన్న చువ్వతో ఆ ముద్ద జాగ్రత్తగా గీకేశారు. రంధ్రం తెరుచుకోగానే ఆకుపచ్చ కూలెంట్ బొటబొటా కిందకి కారింది. అటు ఆయిల్ డ్రెయిన్ దగ్గర చుక్కలు పడటం ఆగిపోయింది. నేను పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నా, 15 వేల పని కాస్తా నా కళ్ళ ముందే అయిదు వేల పని అయిపోయింది.

తర్వాత విప్పడం మామూలే కాబట్టి త్వరగా చెబుతా. క్లచ్ కవర్ తీశారు, పాత సీళ్ళు కొట్టేశారు, పంపు ఇరుసు మీద గోరు గీసి చూశారు, ఆయిల్ సీలు అంచు రుద్దుకుని గాడి పడితే ఇరుసు కూడా మార్చాలట, లేకపోతే కొత్త సీలు కూడా నెలలోపే కారుతుంది, మాది నున్నగానే ఉంది. కొత్త మెకానికల్ సీలు సెరామిక్ ముఖాన్ని చేత్తో ముట్టుకోనివ్వలేదు, జిడ్డు అంటితే సరిగ్గా కూర్చోదని శుభ్రమైన గుడ్డతో పట్టుకుని సరిపడా సాకెట్ పెట్టి నిదానంగా దిగ్గొట్టారు. క్లచ్ ప్లేట్లు బయటికి తీసి చూపించారు, మూడింటికి అంచుల దగ్గర పొర లేస్తోంది. బైకుల్లో క్లచ్ కూడా ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది కదా, గ్లైకాల్ కలిసిన ఆయిల్లో ఆ జిగురు వదిలేస్తుందట. మార్చాలా వద్దా నీ ఇష్టం, ఇంకో రెండు వేల కిలోమీటర్లు రావచ్చు, తర్వాత మళ్ళీ ఇదే కవర్ విప్పాలి అన్నారు, మార్చమన్నా. ఆ తర్వాత తక్కువ ధర ఆయిల్ పోసి పది నిమిషాలు స్లోలో నడిపి తీసేశారు, ఇంకోసారి పోసి తీశారు, రెండోసారి వచ్చిన ఆయిల్ తెలుపు లేకుండా వచ్చింది, అప్పుడు ఫిల్టర్ మళ్ళీ మార్చి అసలు ఆయిల్ పోశారు. కూలెంట్ పోశాక గాలి బుడగ ఉండిపోకుండా క్యాప్ తీసి ఉంచి బండిని అటూ ఇటూ వంచి నింపారు. చివర్లో మళ్ళీ 15 పీఎస్ఐ కొట్టి నన్ను టీ తాగి రమ్మన్నారు, అరగంట తర్వాత వచ్చి చూస్తే ముల్లు అక్కడే ఉంది.

ఖర్చు అడిగేవాళ్ళ కోసం కాగితం చూసి రాస్తున్నా. ప్రెషర్ చెకింగ్ 200, మెకానికల్ సీలు 420, ఆయిల్ సీలు 90, బేరింగ్ 180, కవర్ ప్యాకింగ్ 260, కూలెంట్ 320, కడగడానికి పోసిన ఆయిల్ రెండు లీటర్లు 560, ఫిల్టర్లు రెండు 220, మంచి ఆయిల్ 480, క్లచ్ ప్లేట్లు 950, కూలీ 1,500. మొత్తం 5,180. ఎడమ పక్క ప్లగ్గు ఓరింగ్‌కి డబ్బులు వేసుకోలేదు. పాత సామాన్లన్నీ కవర్లో వేసి ఇచ్చారు, అడక్కుండానే. ఆ గాజు సీసా కూడా చూపించారు, రెండు రోజులు కదపకుండా ఉంచితే అడుగున ఆకుపచ్చ పొర విడిగా తేలింది.

నేను ఉండగానే పాత డీజిల్ జీపు ఒకటి వచ్చింది, వాళ్ళది వేరే కథ, కూలెంట్ ట్యాంకులో ఆయిల్ తేలుతోంది. ఇంజన్ పక్కన డమ్మీ ప్లగ్గు (ఇంజన్ బ్లాక్ రంధ్రానికి కొట్టిన రేకు మూత) తుప్పు పట్టి చెమరుస్తోంది కాబట్టి అదే కారణం అని ఓనర్ వాదన. ఆ డమ్మీ ప్లగ్గుల వెనకాల ఉండేది నీళ్ళే, అవి పోతే ఎక్కువగా బయటికే కారుతుంది, కూలెంట్‌లోకి ఆయిల్ వచ్చిందంటే ముందు ఆయిల్‌ని కూలెంట్‌తో చల్లబరిచే ఆయిల్ కూలర్ చూడాలని మేస్త్రి గారు ఆ ఓనర్‌ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. ఇంజన్ నడుస్తుంటే ఆయిల్ ప్రెషరే ఎక్కువ కాబట్టి అది నీళ్ళలోకి తోసుకొస్తుందట. ఎవరొచ్చినా ఇలాగే చెబుతారని అప్పుడు అర్థమైంది.

లోపాలు కూడా రాయాలి. రెండు రోజులన్న పని నాలుగు రోజులు పట్టింది, మెకానికల్ సీలు మొదట తెచ్చింది సైజు తేడా వస్తే తిప్పి పంపారు. ఫోన్ చేస్తే ఎత్తరు, చేతులు ఆయిల్లో ఉంటాయి, వెళ్ళి కనుక్కోవాల్సిందే. ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు వస్తే కూర్చోడానికి సరైన చోటు లేదు, ఇది మాత్రం మార్చుకోవాలి, నేను ఆయనకే చెప్పా. బిల్లు చేత్తో రాసిన కాగితమే, కార్డు తీసుకోరు. అందుకే ఒక స్టారు తగ్గించి నాలుగు ఇద్దామనుకున్నా గానీ, 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తీసుకురా అని ఆయనే చెప్పి, వెళ్తే డ్రెయిన్ బోల్టు దగ్గర కొంచెం ఆయిల్ తీసి రేకు మీద వేసి చిటపట లేదని చూపించి రూపాయి తీసుకోకుండా పంపారు. అయిదు ఇస్తున్నా.

వెళ్ళేవాళ్ళు పొద్దున పది లోపు వెళ్ళండి, ఇంజన్ చల్లగా ఉండాలి కాబట్టి వేడి బండి తీసుకెళితే ఎలాగూ మధ్యాహ్నం దాకా ముట్టుకోరు. ఆయిల్ గ్లాసులో తెలుపు కనపడితే మాత్రం నడుపుకుంటూ వెళ్ళకండి, ఎక్కించి తీసుకెళ్ళండి. మా బావ బండికి పంపు కింద చుక్క పడుతోందట, ఏమీ అంటించొద్దని నిన్న రాత్రే ఫోన్ చేసి చెప్పా, మంగళవారం ఇద్దరం కలిసి ఇక్కడికే తీసుకొస్తున్నాం.